వాపసు వచ్చిన చీర

పార్శిల్ తెచ్చినతను బండి దిగనైనా దిగలేదు. "వాపసు అక్కా" అని ఒక్క మాట అని, సంచిని గడప మీదికి విసిరి గల్లీ మలుపు తిరిగాడు. వాకిలి ఊడుస్తున్న మమతారాణి చీపురు పక్కన పెట్టింది. చీర అమ్ముడుపోతే ఫోను గంట కొట్టి మరీ చెప్తుంది. వాపసు మాత్రం చప్పుడు లేకుండా గడప దాకా వచ్చేస్తుంది. ఇచ్చేటప్పుడు డప్పు కొట్టి, గుంజుకునేటప్పుడు పిల్లిలా రావడం పెద్దవాళ్ల బేరాల్లో ఉన్నదే. ఆమె సంచిని లోపలికి తెచ్చి చాప మీద పెట్టింది.

వెంటనే విప్పలేదు. దానికో పద్ధతి ఉంది. వాపసు వచ్చిన ప్రతి సంచినీ వీడియో తీస్తూనే విప్పాలి. సంచి అన్ని పక్కలూ చూపించాలి, లోపలి చీరను మడత మడతా విప్పి చూపించాలి, నడుమ ఎక్కడా తెగకూడదు. కట్టి విడిచిన చీరను కట్టనట్టే మడిచి పంపేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, అమ్మేవాళ్లకు ఆన్‌లైన్ కంపెనీ చూపించిన దారి అదొక్కటే. వీడియోను వాళ్లు ఒప్పుకుంటే ఆ వాపసు అమ్మినవాళ్ల పేరు మీద పడదు, ఒప్పుకోకపోతే పడుతుంది. అట్లా పడ్డవి మమత పేరు మీద అంచుదాకా పేరుకున్నాయి. ఇంకొక్కటి పడితే దుకాణం మూసేస్తామని పోయినవారమే ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

దుకాణం అంటే రేకుల డబ్బా కాదు, అద్దాల బీరువా కాదు. ఫోనులో ఆమె పేరు, పేరు కింద చీరల ఫోటోలు, అంతే. సిరిసిల్లలో ఆర్డర్లు లేక సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒక్కొక్కటే ఆగుతున్న ఎండాకాలంలో, ఆ కంపెనీ మనిషి ఒకాయన మెడలో కార్డు వేలాడేసుకుని వచ్చి ఫంక్షన్ హాలులో మీటింగు పెట్టాడు. ఇంట్లో కూర్చుని దేశమంతా అమ్ముకోవచ్చు, కిరాయి లేదు, సేటు లేడు, దళారి లేడు, చేతిలో ఫోనుంటే చాలు అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. మమత అమ్మిన చీరలు ఇచ్చోడ పోయాయి, నాగపూర్ పోయాయి, ఆమె బస్సు బోర్డు మీద కూడా చూడని ఊళ్లకు పోయాయి. కాకపోతే ఆయన చెప్పిందంతా పోవడం గురించే. తిరిగి రావడం గురించి ఆయన ఒక్క ముక్క చెప్పలేదు, విన్నవాళ్లకు అడగాలని తోచలేదు.

ముక్కాలిపీట మీద పప్పుడబ్బా పెట్టి, దానికి ఆనించి ఫోను నిలబెట్టింది. ఎర్రచుక్క వెలిగింది. సంచిని అటూ ఇటూ తిప్పి చూపించి, కత్తెరతో అంచు కోసింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. చూడగానే గుర్తుపట్టింది. తమ సాంచె ఆగిపోకముందు ఆమె పెనిమిటి పరశురాములు చివరగా నేసిన చీరల్లో ఒకటి అది. కొంగుకు కుచ్చులు ముడివేసింది మమతే. ధర చీటీ, దాన్ని పట్టిన పిన్నూ పెట్టినచోటే ఉన్నాయి. మడత మాత్రం ఆమె పెట్టిన మడత కాదు. ఆమె కొంగు పైకి కనబడేటట్టు మడుస్తుంది, ఇందులో కొంగు ఎక్కడో లోపల దాక్కుంది. రెండు చేతులతో చీరనెత్తి ఫోనుకు ఎదురుగా విప్పసాగింది. మూడో మడతలోంచి పసుపు బియ్యం జలజలా జారాయి.

చిటికెడుకు ఎక్కువ, పిడికెడుకు తక్కువ. వాటితోపాటు ఒక పసుపుకొమ్ము.

మమత చేతులు ఆమెను అడగలేదు. చీర కింద తన కొంగు పట్టాయి. ఒడిబియ్యం నేలపాలు కావద్దు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు కొత్త చీర కట్టించి, తల్లీ అన్నావదినలూ ఆమె కొంగులో పోసే బియ్యం అవి. తొక్కితే పుట్టింటిని తొక్కినట్టే. ఇది ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, వేడి గిన్నె ముట్టొద్దని నేర్చుకున్నట్టే నేర్చుకుంది. కొంగు దాటి దొర్లిన గింజల కోసం ముందుకు వంగింది. మోకాలు పీటకు తగిలి, డబ్బా దొర్లి, ఫోను బోర్లా పడింది. ఆమె అది చూడనే లేదు. చాప ఈనెల్లో ఇరుక్కున్న గింజల్ని కూడా గోటితో తీసి, అన్నిటినీ కళ్లకద్దుకుని, దేవుని గూట్లో గిన్నెలో పోసి వచ్చింది. అప్పుడు గాని ఫోను గుర్తుకు రాలేదు.

వీడియోలో సంచి ఉంది, కత్తెర ఉంది, సగం విప్పిన చీర ఉంది. ఆ తర్వాత అంతా నలుపు. ఆ నలుపులో డబ్బా దొర్లిన చప్పుడు, వెనుక ఆమె గొంతు: "అయ్యో, ఎవలి ఒడో."

పరశురాములు పొద్దు గూకే వేళకు వచ్చాడు. మహారాష్ట్రలోని భీవండికి మగ్గాల పనికి మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ రాజయ్య దగ్గర్నించి వచ్చాడని, చొక్కా జేబులో పెట్టుకున్న ఆధార్ కార్డు చెప్పింది. వీడియో చూశాడు. ఇంకోసారి చూశాడు. కోపిష్టి కాడు, కానీ దవడ బిగుసుకుంది.

"దీంట్ల ఏమున్నది మమతా? బియ్యం మళ్ల మడతల పెట్టు. సంచి అంచు అతికిచ్చి ఇంకోపారి తీద్దాం."

"దేవుని కాడ పెట్టిన."

"తియ్యి. మళ్ల పెడుదువు."

"ఒడిబియ్యంతోని నాటకమాడుతమా? నాతోని కాదు."

"ఎవలిదో ఒడి. వాళ్లకు లేని పట్టింపు నీకెందుకు?" అన్నాడు. ఆయన అన్నదానిలో తప్పేమీ లేదని మమతకూ తెలుసు. చీర కట్టినవాళ్లకు లేని సిగ్గు, అమ్మిన తనకెందుకు? అయినా ఆ గిన్నె దించడానికి చెయ్యి లేవలేదు. పరశురాములు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నీ దుకాణం నడుస్తే నేను ఈన్నే ఉండి కుచ్చులు కట్టుకుంట, ప్యాకింగ్ చేసుకుంట. నడవకుంటే భీవండే. రాజయ్యన్న పేర్లు రాస్తుండు, రేపో మాపో బండి నిండుతది."

భీవండి పోయిన మగవాళ్లు దసరాకు వస్తారు. రానివాళ్ల ఇళ్లు కూడా ఆ గల్లీలో ఉన్నాయి. మమత ఉన్న వీడియోనే పంపింది.

మరునాడు జవాబు వచ్చింది, ఒప్పుకోలేదని. ఆమె కంపెనీ నంబరుకు ఫోను చేసింది. చాలాసేపు పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది.

"మేడమ్, మీరు పంపిన వీడియోను పరిశీలించాము. వస్తువును తెరిచే సమయంలో దృశ్యం స్పష్టంగా లేదు. కనుక మీ అభ్యర్థనను స్వీకరించలేకపోతున్నాము."

"చీర కట్టిండ్రు మేడం. ఒడిబియ్యం పోసిండ్రు అండ్ల. అంచుకు పసుపు మరక గట్లనే ఉన్నది, ఫోటో పంపుత."

"ఫోటోలు చెల్లవు మేడమ్."

"మీరు తెలుగోళ్లే గద. మీ ఇంట్ల పొయ్యరా ఒడిబియ్యం?"

పక్కవాళ్లకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి, "పోస్తరు అక్కా" అంది ఆ అమ్మాయి. మళ్లీ వెంటనే గొంతు సవరించుకుంది. "కొన్నవారు తమ వాపసు కారణాన్ని మార్చుకుంటే మేము మరోసారి పరిశీలించగలము మేడమ్. రేపు సాయంత్రం వరకు సమయం ఉంది. మరేదైనా సహాయం కావాలా?"

కొన్నవాళ్ల చిరునామా మమత దగ్గర ఉంది. పంపేటప్పుడు సంచి మీద చీటీ అతికించింది ఆమే కదా. భానుప్రసాద్, గనుల కాలనీ వెనుక లైను, నస్పూర్. భానుప్రసాదో బ్రహ్మప్రసాదో, ఎదురుగా నిలబెట్టి ఈ చీర చూపించి కడిగెయ్యాలని తెల్లవారుజామునే లేచింది. పరశురాములు వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. బస్టాండు దాకా వచ్చి కరీంనగర్ బస్సు ఎక్కించాడు.

ఆధార్ చూపించి, ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే సున్నా టికెట్ తీసుకుంది. కరీంనగర్‌లో మారి మంచిర్యాల బస్సెక్కింది. దారి పొడుగునా తిట్లు సర్దుకుంది. కట్టి విడిచిన బట్ట అమ్మే బతుకా మీది? ఆడబిడ్డ ఒడి నింపి, ఆ చీరనే అంగడికి తోలుతరా? మీ ఇంట్ల ఆడిది పుట్టలేదా? ఒక్కో తిట్టూ నోట్లో తిప్పి చూసుకుంది. సిరిసిల్ల నుంచి ఇంత దూరం మోసుకొచ్చిన కోపం, గోదావరి వంతెన దాటేసరికి బాగా పదునెక్కింది.

కాలనీ వెనుక లైనులో ఇళ్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. కిటికీల మీద సన్నటి నల్లదుమ్ము. భానుప్రసాద్ ఇల్లు అడిగితే, కాంట్రాక్టు పని చేసే భానుప్రసాదా, పని పోయినాయనేనా అని అడిగి ఒకామె చెయ్యి చాపి చూపించింది. తలుపు తీసే ఉంది. గడప పక్కన ఒక ముసలమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. కళ్లతో కాదు, వేళ్లతో ఏరుతోంది. కళ్లకు శుక్లాలు వచ్చి తెల్లబడ్డాయి.

"భానుప్రసాద్ ఇల్లేనా అవ్వా?"

"నా కొడుకే బిడ్డా. పని దొరుకుతదేమోనని గోదావరిఖని పోయిండు. కోడలు దుకాణం దాక పోయింది, వస్తది. ఎండల వడి వచ్చినట్టున్నవు, లోపటికి రా." ముసలమ్మ గోడ పట్టుకుని లేచి, తడుముకుంటూ కుండలోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఏ ఊరు మీది?"

"సిరిసిల్ల."

"సిరిసిల్లా? చీరెలమ్ముతవా?"

మమత చేతిలోని సంచి మీద ముసలమ్మ చెయ్యి అప్పటికే పడింది. తప్పుడు మనుషుల ఇంట్లో తాగకూడదనుకున్న నీళ్లు మమత సగం తాగేసింది. ఇప్పుడే అనెయ్యాలి అనుకుంది. "అమ్ముత" అని మాత్రం అంది.

"నేను శంకరవ్వను బిడ్డా. ఏది, ఒకటి చూపియ్యి. కొనేటట్టు లేదు గని, పట్టి చూస్త." సంచిలోంచి చీర ఆమే బయటికి తీసింది. ఒళ్లో పరుచుకుని, కొంగు దొరకబుచ్చుకుని, కుచ్చుల ముడుల మీద వేళ్లు నడిపించింది. ముఖం దగ్గరికి తెచ్చుకుని రంగు చూసింది. శంకరవ్వ ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"అరే, అచ్చం గిదే చీరె నా బిడ్డకు పెట్టినం. ఉత్తగ అనుకుంటున్నవా? మొన్ననే ఒడిబియ్యం పోసినం నా బిడ్డ సక్కుబాయికి. రెండేండ్లాయె పొయ్యక. కొడుకుకు పని లేకపాయె. ఈసారి నేను మొండికేసిన. నా కండ్లు పూర్తిగ పోకముందు పోస్తిరా సరే, లేకుంటే నా ముఖం చూడకుండ్రి అన్న. మా కోడలు ఫోన్ల తెప్పిచ్చింది. ఆకుపచ్చ చీరె, ఎర్ర అంచు, గిదే తీరు కుచ్చులు. కట్టుకొని నా ముందట నిలబడితే నా బిడ్డ మబ్బు మబ్బుగ కనవడ్డది. ఒడి నింపిన. ఇంక నాకేం ఫికర్ లేదు."

ఆమె వేళ్లు అంచు మీదుగా పోతూ ఒకచోట ఆగాయి. అక్కడ బట్ట కొంచెం గరుకుగా ఉంది. వాసన చూసింది.

"దీనికి పసుపంటిందేంది బిడ్డా?"

తీరా నోరు తెరవాల్సిన వేళ వచ్చింది. సిరిసిల్ల నుంచి మోసుకొచ్చిందంతా నాలుక చివరే ఉంది. ఇది నీ బిడ్డ చీరే, మీ ఇంట్లోంచే వాపసు వచ్చింది, నువ్వు పోసిన బియ్యం మా దేవుని గూట్లో ఉన్నాయి అంటే చాలు. అబద్ధం కూడా కాదు. మమత ఆ తెల్లబడ్డ కళ్లలోకి చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

"కొత్త చీరె గద అవ్వా. మూలకు నేనే బొట్టు వెట్టిన."

"మంచిగ చేసినవు" అంది శంకరవ్వ. "అమ్మేటోళ్లు గిట్ల బొట్టు వెట్టి ఇచ్చేది ఎక్కడ చూసినం."

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ఉప్పు ప్యాకెట్టూ పాలప్యాకెట్టూ పట్టుకుని వచ్చిన సన్నటి మనిషి అత్త ఒళ్లోని చీరను చూసి, అక్కడే ఆగిపోయింది. ఆమె పేరు స్వరూప. పాలప్యాకెట్టు మీది చెమ్మ ఆమె వేళ్ల మీదుగా గచ్చు మీద పడుతోంది. మమత ఆమెను చూసింది, ఆమె మమతను చూసింది. ఇద్దరి మధ్య ముసలమ్మ చీరను మురిపెంగా మడుస్తోంది.

"స్వరూపా, చూడు, మనం సక్కుబాయికి పెట్టినసొంటిదే. సిరిసిల్ల నుంచి వచ్చిందట ఈ బిడ్డ. చాయ్ పెట్టు."

"వద్దవ్వా, బస్సుకు టైమైంది" అని మమత లేచింది. చీరను సంచిలో పెట్టుకుంది. స్వరూప ఉప్పూ పాలూ అక్కడే దించి, "నేను బస్సు కాడ దిగవెట్టొస్త అత్తమ్మా" అంటూ వెనకాలే వచ్చింది.

ఇద్దరూ లైను దాటి మెయిన్ రోడ్డు దాకా నడిచారు. బొగ్గు లారీ ఒకటి పోయి దుమ్ము లేచి అణిగింది. బస్సు ఆగేచోట రేకు నీడ కింద నిలబడ్డాక స్వరూపే మొదలుపెట్టింది. తల ఎత్తలేదు.

"అవ్వకు చెప్పనందుకు నీ కాళ్లు మొక్కుత అక్కా."

"కాళ్లెందుకు? ఎందుకు చేసిండ్రు గీ పని?"

"మా ఆడిబిడ్డే ఆగమాగంగ మడతవెట్టి ఇచ్చింది. బస్సుల పోయేటప్పుడు కొత్త చీరె కరాబైతదని అవ్వకు చెప్పి, వంటింట్ల పాతది మార్చుకున్నది. ఇది నా చేతుల పెట్టి, 'వదినే, అన్నకు పని లేదు, వాపసు పంపు, అవ్వకు మందులొస్తయి' అన్నది. 'నేను కట్టుకున్న, అవ్వ చూసింది, గది చాలు' అన్నది. నేను వద్దన్న. మస్తు ఏడ్చినం ఇద్దరం." స్వరూప కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఫోన్లది గద అక్కా, కంపెనీది అనుకున్నం. అంత పెద్ద కంపెనీకి ఒక్క చీరెతోని ఏమైతది అనుకున్నం. దాని ఎనుక ఒక ఆడమనిషి ఉంటదని తెల్వదు. పేరు కూడ చూడలే."

మమత తిడదామనే అనుకుంది. ఆ తిట్లలో ఒక్కటీ ఈ మనిషికి సరిపోలేదు. కొలత తప్పిన రవికెల్లా అన్నీ వదులుగా వేలాడాయి. జాలి పడిందనుకుంటే పొరపాటు. ఆమెకు ఏడుపు వచ్చేంత కోపంగానే ఉంది, ఎవరి మీద పెట్టాలో మాత్రం తెలియలేదు.

"నా దుకాణం మూస్తరు. మా ఆయన భీవండి పోవాలె. నీ ఫోన్ తియ్యి. కారణం మార్చు. కట్టుకున్నమని పెట్టు. సాయంత్రం దాక టైముంది."

స్వరూప ఫోను తీసింది. రేకు నీడలో ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఆ చిన్న అద్దంలో వెతికారు. కొన్న వస్తువులు నొక్కారు. ఆకుపచ్చ చీర బొమ్మ వచ్చింది. వాపసు నొక్కారు. కారణాలు వరుసగా వచ్చాయి: నచ్చలేదు, రంగు వేరుగా ఉంది, చిరిగి ఉంది, ఆలస్యంగా వచ్చింది. అప్పుడు స్వరూప పెట్టింది నచ్చలేదు అని, అదే ముదురు అక్షరాల్లో కనబడుతోంది.

"కట్టుకున్నం అని లేదక్కా."

"కిందికి జరుపు."

"కింద ఏం లేదు."

"ఇతర కారణాలని ఉంటది చూడు."

ఉంది. నొక్కితే, ఈ వాపసు పూర్తయింది, మార్పులు చేయలేరు అని వచ్చింది. మళ్లీ నొక్కారు, మళ్లీ అదే వచ్చింది. కంపెనీ నంబరుకు చేస్తే పాట వచ్చింది. రెండు బస్సులు వచ్చి పోయేదాకా ఆ పాట పాడుతూనే ఉంది, తర్వాత దానంతటదే కట్టయింది. తప్పు చేసినామె ఒప్పుకుంటానంటోంది, నష్టపోయినామె పక్కనే నిలబడింది, అయినా చెప్పుకోవడానికి ఆ ఫోనులో ఒక్క మనిషి దొరకలేదు.

"నీ దుకాణం పేరు చెప్పు అక్కా" అంది స్వరూప హఠాత్తుగా. "మంచిగ రాస్త. అయిదు చుక్కలు పెడ్త. చీరె మంచిగుందని, తప్పు మాదేనని రాస్త. గదన్న చూస్తరేమో."

మమత పేరు చెప్పింది. స్వరూప ఒక్కో అక్షరమే కొట్టి, నొక్కి, ఎదురుచూసింది. తెల్లటి తెర మీద రెండే లైన్లు వచ్చాయి. ఆమె పైకి చదవలేక ఫోను మమత చేతికిచ్చింది. ఈ దుకాణం ప్రస్తుతం అందుబాటులో లేదు. ఇలాంటి ఇతర దుకాణాలు చూడండి. కింద వేరేవాళ్ల ఆకుపచ్చ చీరలు ఎర్ర అంచులతో బారులు తీరి ఉన్నాయి.

"సాయంత్రం దాక అన్నరు గద" అంది మమత. ఆ మాట స్వరూపకు చెప్పిందో, ఫోనుకు చెప్పిందో ఆమెకే తెలియదు. ఎండ ఇంకా నడినెత్తి మీదే ఉంది.

సంచిలోంచి చీర తీసి స్వరూప చేతిలో పెట్టింది. స్వరూప వెనక్కి జరిగింది. "వద్దక్కా, ఏ ముఖం పెట్టుకొని తీసుకోవాలె? పైసలు కూడ లెవ్వు."

"ఊకెనే ఇస్తున్ననని మురవకు. దీన్ని నేను అమ్మరాదు, కట్టరాదు, ఇంట్ల పెట్టుకోరాదు. ఆమె ఒడిది ఆమెకే చేర్చు. ఈపారి వాపసు పంపకుండ్రి, తీసుకునేటోళ్లెవ్వలు లేరు."

గొంతు ఆమె అనుకున్నదానికంటే కరుకుగానే వచ్చింది. స్వరూప చీరను కొంగు కింద దాచుకుని, అక్కడే నిలబడిపోయింది. పొమ్మంటే గాని పోయేటట్టు లేదు. "పో చెల్లె, అవ్వ ఒక్కతే ఉన్నది" అంది మమత. ఆమె లైను మలుపు తిరిగేదాకా చూసి, ఫోను తీసి ఇంటికి కలిపింది.

"ఏమన్నరు?" అన్నాడు పరశురాములు.

"ఏం కాలేదు. మూసేసిండ్రు." మమత ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "రాజయ్యన్న కాడికి పోయి పేరు రాయించుకో."

అవతల సాంచెల చప్పుడు లేని సిరిసిల్ల గల్లీలో ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది.

"పొద్దుగాలనే రాయించిన" అన్నాడు ఆయన. "నువ్వు బస్సెక్కినంక పోయి రాయించిన. ఎల్లుండి బండి."

బస్టాండులో తనతోపాటు నిలబడి, కిటికీ పక్కన సీటు దొరికిందా అని వంగి చూసిన మనిషి, ఈ పని జరగదని అప్పటికే తెలిసి, తనను ఆపడం ఇష్టం లేక, ఊరికే చెయ్యి ఊపి పంపాడన్నమాట. మమత ఫోను పెట్టేసింది. కరీంనగర్ బస్సు వచ్చింది. లోపల సీట్లు నిండి ఉన్నాయి. ఆమె ఎక్కి, పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడింది.